కిరాయికి వచ్చిన కొడుకు

ఆ రోజు పొద్దున తిరుపతయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. పక్కగదిలో కొత్త మంచం సర్ది, ఫ్యాను తిరుగుతుందో లేదో చూసి, బస్సు దిగి వచ్చే కిరాయిదారుకు తాళంచెవి ఇచ్చి, తన దుకాణానికి పోవడం. అంతే. ఇంత చిన్న పనిలో తన పరువు, అన్నతో పొత్తు, చివరికి తన ఇంటి వంటగది కూడా చేజారిపోతాయని అతనికి తోచలేదు. తోచకపోవడమే వింత. ఎందుకంటే తిరుపతయ్య వాన వస్తే పిడుగు పడుతుందని, రాకపోతే కరువొస్తుందని రెండు రకాలుగానూ దిగులుపడే మనిషి. ఆ ఒక్క రోజే ఎందుకో నిమ్మళంగా లేచాడు.

నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక అతనికి బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో కరెంటు ఎక్కువై కొన్ని, నీళ్లు తక్కువై కొన్ని మోటార్లు కాలిపోతూ ఉంటాయి కాబట్టి తిండికి లోటు లేదు. లోటంతా ఇంట్లోనే. పిల్లలు పుడతారని కట్టించిన పక్కగది పిల్లలు పుట్టకపోవడంతో ఏళ్ల తరబడి పల్లికాయ బస్తాలకు, కాలిన మోటార్లకు నిలయమైంది. తిరుపతయ్యా, అతని భార్య రుక్కమ్మా రాను రాను మాటలు కూడా పొదుపు చేయడం నేర్చుకున్నారు. "తింటవా?" అని ఆమె అంటే, "తింట" అని అతననేవాడు. చాలా రోజులు వాళ్ల సంసారంలో అంతకు మించి సంభాషణ ఉండేది కాదు.

గది కిరాయికిద్దామన్న ఆలోచన రుక్కమ్మదే. కృష్ణ నీళ్లు ఎత్తిపోస్తామని ప్రభుత్వం కాలువ పనులు మొదలుపెట్టిన రోజులవి. సర్వే చేసేందుకు ఎక్కడెక్కడి నుంచో పిల్లలు ఒక్క సూట్‌కేసుతో వచ్చి, నాలుగైదు నెలలుండి పోతున్నారు. వాళ్లకు మంచం, పరుపు అన్నీ ఉన్న గది కావాలి. నాగర్‌కర్నూల్‌లో కిరాయికి వచ్చేవాళ్లు చీపురుతో సహా అన్నీ వెంట తెచ్చుకుంటారు తప్ప, సామాన్లున్న గది అనే మాట అంతకు ముందు ఎవరూ విన్నది లేదు.

"మంచం మనమే ఎయ్యాల్నా? గిదేం కిరాయే, పెండ్లివారి విడిది లెక్క!" అన్నాడు తిరుపతయ్య.

"ఏస్తె ఏమైతది? ఇంట్ల ఇంకో మనిషి అలికిడన్న ఉంటది," అంది రుక్కమ్మ.

ఆ మాటతో తిరుపతయ్య పనిలోకి దిగాడు. వడ్రంగితో మంచం చేయించాడు. పరుపు కుట్టించాడు. బల్ల, కుర్చీ, బీరువా, గోడకు నిలువుటద్దం. చివరికి బకెట్టు, మగ్గు కూడా కొత్తవి కొన్నాడు. ఇవన్నీ ట్రాలీ ఆటోలో పట్టపగలు నడిబజారు గుండా ఇంటికి తెచ్చాడు. తప్పు అక్కడే మొదలైంది.

కిరాయిదారు పేరు ప్రదీప్. ఆర్మూర్ దిక్కు పల్లెటూరి పిల్లవాడు, సర్వేలో కొత్తగా చేరాడు. అతను బస్సు దిగేసరికి వాన దంచికొట్టింది. బస్సు మీద వేసిన సూట్‌కేసుతో పాటు అందులోని బట్టలన్నీ నానిపోయాయి. తలుపు ముందు వణుకుతూ నిలబడి, "అమ్మా, జర తువ్వాల ఉంటె ఇస్తరా?" అన్నాడు. కొత్త ఇంటావిడను మరేమని పిలుస్తాడు? కానీ ఆ పిలుపు విన్న రుక్కమ్మ కాసేపు తువ్వాల సంగతే మరిచిపోయింది.

తరువాత జరిగినవన్నీ ఒకదాని వెంట ఒకటి సహజంగానే జరిగాయి. వానలో తడిసిన పిల్లవాడు కాబట్టి వేడినీళ్లు కాచి తలంటు పోసుకోమన్నారు. కట్టుకోను పొడిబట్టలు లేవు కాబట్టి తిరుపతయ్య పండగకని దాచుకున్న జరీ అంచు ధోవతి, కండువా తీసి ఇచ్చాడు. గదిలో మొదటిసారి ఒక మనిషి దిగుతున్నాడు కాబట్టి గడప మీద కొబ్బరికాయ కొట్టాలి. "నువ్వే కొట్టు బిడ్డా, ఉండేటోనివి నువ్వే గద," అని రుక్కమ్మ కాయ అతని చేతికిచ్చి నుదుట బొట్టు పెట్టింది. పొద్దటి నుంచి ఏమీ తినలేదంటే పీట వేసి కూర్చోబెట్టి, నెయ్యి వేసిన భక్ష్యాలు పెట్టింది. పిల్లవాడు పద్ధతిగా పెరిగినవాడు. తిన్నాక లేచి ఇద్దరి కాళ్లకూ మొక్కాడు. ఎవరూ ఎప్పుడూ తన కాళ్లకు మొక్కి ఎరగని తిరుపతయ్య కంగారుపడి, అతని తల మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు బిడ్డా," అన్నాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి యాదమ్మ తోడు పెరుగు కోసం గిన్నెతో లోపలికి వచ్చింది.

యాదమ్మ అబద్ధాలు చెప్పే మనిషి కాదు. కళ్లతో చూసిందే చెబుతుంది. ప్రమాదమంతా అందులోనే ఉంది. ఆ ప్రాంతంలో పిల్లలు లేనివాళ్లు ఒకరిని సాదుకోవాలంటే, అంటే దత్తత తీసుకోవాలంటే, కాగితాలతో పనిలేదు. తలంటు పోసి, కొత్తబట్టలు కట్టించి, బొట్టు పెట్టి, పీట మీద కూర్చోబెట్టి నోరు తీపి చేస్తే ఆ పిల్లవాడు ఇంటి కొడుకైనట్టే. యాదమ్మ ఎన్నో దత్తతలు చూసింది. ఇన్ని లాంఛనాలు వరసగా, ఇంత శుద్ధంగా జరిగిన దత్తత మాత్రం చూడలేదు. పెరుగు సంగతి వదిలేసి వచ్చిన దారినే వెళ్లిపోయింది.

మరునాడు దుకాణానికి మోటారు తెచ్చిన పక్కూరి రైతు కురుమయ్య, దాన్ని దించకముందే మొదలుపెట్టాడు.

"తిరుపతన్నా, ఒక్క మాట చెప్పకపోతివి. కొడుకును తెచ్చుకున్నవంట గద."

"కొడుకేంది? కాలువ సర్వే పిల్లగాడు. గది కిరాయికిచ్చిన."

"మంచమేసినవంట, పరుపేసినవంట. నిలువుటద్దం గూడ పెట్టినవంట. కిరాయిదారుకు అద్దమెవలు పెడ్తరే?"

"సామానున్న గది అంటే గట్లనే ఉండాల్నంట!"

"ఆ, ధోవతి గూడ సామాన్లకే వస్తదా?" అని కురుమయ్య సానుభూతిగా భుజం తట్టాడు. "దాసిపెట్టుడెందుకన్నా? మంచి పనే జేసినవ్. ఎవలకు భయపడ్తున్నవ్?"

తిరుపతయ్యకు అంతవరకు ఎవరి భయమూ లేదు. కురుమయ్య అడిగాకే అన్న చెన్నయ్య గుర్తొచ్చాడు. చెన్నయ్య బల్మూర్‌లో ఉంటాడు. భూములు పంచుకున్నాక పెండ్లిపత్రికలు పంచడానికి తప్ప తమ్ముడి గడప తొక్కింది లేదు. కానీ తమ్ముడి తదనంతరం ఇల్లూ దుకాణమూ తన కొడుకు గణేష్‌కేనన్నది ఆయన మనసులో ఎప్పుడో రిజిస్ట్రీ అయిపోయింది.

ఈ పుకారు బల్మూర్ చేరకముందే తుంచాలనుకున్నాడు తిరుపతయ్య. మోటార్ల మీద హార్స్‌పవర్ రాసే ఎర్రరంగు డబ్బా ఇంటికి తీసుకుపోయి పక్కగది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాశాడు: "ఇది కిరాయి గది. ఇందులో ఉన్నది కిరాయిదారు మాత్రమే." గల్లీ జనమంతా వచ్చి చదివి వెళ్లారు. అంతవరకు నమ్మనివాళ్లు కూడా అప్పుడే నమ్మారు. ఏమీ లేకపోతే ఇంత రంగు ఎవరు ఖర్చు పెడతారు? "పాపం, అన్న లొల్లి పెడ్తడని గిట్ల రాసుకున్నడు," అని ఆడవాళ్లు జాలిపడ్డారు.

చెన్నయ్య లొల్లి పెట్టలేదు. పెట్టినా బాగుండేది. పల్లికాయ బస్తా, ఒక పుంజు, భార్య మల్లమ్మ, కొడుకు గణేష్, వీటన్నిటితో ఆటో దిగి, తమ్ముణ్ణి కౌగిలించుకుని ఏడ్చాడు.

"గింత ఒంటరోనివైనవని నాకు తెల్వకపాయెరా తమ్మీ! రక్తసంబంధం ఉండంగ పరాయోన్ని తెచ్చుకునే గతి పట్టెనా నీకు?"

"అన్నా, వాడు కిరాయి..."

"సదివినరా, తలుపు మీద సదివిన. నా భయానికి గట్ల రాసుకున్నవ్. తప్పు నాదే. ఇగ గణేష్‌గాడు ఈడనే ఉంటడు. నీ సేవ జేస్తడు."

సేవ ఆ సాయంత్రమే మొదలైంది. "సిన్నాయనా, కాళ్లియ్యి," అంటూ గణేష్ తిరుపతయ్య పిక్కలు పట్టుకున్నాడు. బండలు మోసిన చేతులు అతనివి. పిసికినంతసేపూ తిరుపతయ్య పళ్లు బిగబట్టి, మరునాడు కుంటుతూ దుకాణానికి పోయాడు. కుంటడం చూసి ఇంకా కాళ్లనొప్పులున్నాయని గణేష్ పొద్దునా సాయంత్రమూ పిసకసాగాడు. ఇటు మల్లమ్మ, "నువ్వు కూసో సెల్లె, నువ్వు ఎంతగనం సన్నబడ్డవ్," అంటూ వంటగది ఆక్రమించింది. రుక్కమ్మకు తన ఇంట్లో తనకే చాయపత్తా డబ్బా ఎక్కడుందో తెలియకుండా పోయింది. చెన్నయ్య అరుగు మీద కూర్చుని, ప్రదీప్ వచ్చినప్పుడూ పోయినప్పుడూ బిగ్గరగా గొంతు సవరించేవాడు. ఆ పిల్లవాడు పెరటి గోడ దూకి డ్యూటీకి పోవడం మొదలుపెట్టాడు.

ఇంత గొడవలోనూ ఒక్కటి తిరుపతయ్య కనిపెట్టకపోలేదు. రుక్కమ్మ ఏదో మిషతో పక్కగది కిటికీ దగ్గరికి పోయి, "తిన్నవా బిడ్డా? ఇయ్యాల ఎంత దూరం కొల్సినరు?" అని అడిగేది. గడ్డి కోసేవాళ్లు సర్వే రాళ్లు పీకి పొయ్యి కింద పెట్టుకున్నారని ప్రదీప్ చెబితే పకపకా నవ్వేది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో తిరుపతయ్య లెక్క కట్టలేకపోయాడు. గది మళ్లీ బస్తాలపాలైతే ఆ నవ్వు కూడా వాటి కిందికే పోతుంది. అదొక్కటే అతని అసలు భయం. అందుకే పిల్లవాణ్ణి ఖాళీ చేయమనలేడు. ఉంచుకుంటే అన్న పోడు.

మధ్యేమార్గంగా ప్రదీప్‌నే బతిమాలాడు. "నాయినా, నీకు తండ్రున్న సంగతి జర నలుగుట్ల చెప్పరాదూ? నేను చెప్తె ఎవ్వలూ నమ్ముతలేరు."

ప్రదీప్ బస్టాండు ముందున్న చాయ హోటల్లో నిలబడి, తన తండ్రి పేరు వెంకటన్న అనీ, ఫలానా ఊరి బియ్యం మిల్లులో గుమస్తాగా చేసి దిగిపోయాడనీ, బతికే ఉన్నాడనీ అందరికీ వినిపించేలా చెప్పాడు. "మంచి పిల్లగాడు. కన్న తండ్రిని మర్సిపోలేదు," అని మెచ్చుకున్నారు జనం. ఆ మెచ్చుకున్నవాళ్లలో ఒక లారీ డ్రైవరున్నాడు. అతను నెలకోసారి ఆర్మూర్ దిక్కు బియ్యానికి పోతాడు. ఊరూ పేరూ మిల్లూ అన్నీ ప్రదీపే చెప్పాడు కనుక, ఆ వారమే ఆ తండ్రిని వెతికి పట్టుకుని మరీ శుభవార్త అందించాడు: "మీ పిల్లగాన్ని నాగర్‌కర్నూల్‌ల పెద్ద మోటార్ల సేటు సాదుకున్నడు. అదృష్టవంతుడు!"

ఆ వార్త చేరిన రెండో రోజు పొద్దున గొడుగును కర్రలా పట్టుకుని ఒక పొడుగాటి మనిషి గల్లీలోకి వచ్చాడు. "నా కొడుకును సాదుకున్న దొర ఇల్లెక్కడ?" అని మొదటి ఇంటి నుంచే అడుగుతూ వచ్చాడు. తిరుపతయ్య ఇంటికి చేరేసరికి ఆయన వెనక సగం గల్లీ ఉంది.

"భార్య సచ్చిపోతే ఒక్కన్నే సాదిన. పొయ్యి కాడ సేతులు కాల్సుకుంట పెంచిన," అని వెంకటన్న గొడుగు నేల మీద కొట్టాడు. "నీకు కొడుకు గావాల్నంటె నా కొడుకే దొరికిండా? గీ కాలువకు వందమంది వచ్చిన్లు గద!"

"అయ్యా, నేను సాదుకోలే..."

"సాదుకున్నడు!" అన్నాడు చెన్నయ్య అరుగు మీది నుంచి లేచి. పిల్లవాణ్ణి వదిలించుకోవడానికి ఇంతకంటే మంచి సాయం దొరకదని ఆయనకు తోచింది. "మీ పిల్లగాన్ని మీరు తీస్కపోండి బావా. మా ఇంట్ల పిల్లలకు కరువు లేదు."

ఎప్పుడూ చూడని ఇద్దరు మనుషులు అయిదు నిమిషాల్లో బావా బావా అనుకుని ఒకవైపు నిలబడ్డారు. ఇంకో వైపు తిరుపతయ్య ఒక్కడే నిలబడ్డాడు. ఎప్పటిలా గోడ దూకి డ్యూటీకి పోయిన ప్రదీప్ ఇంకా రాలేదు. కులపెద్దలను పిలిపించారు. వాకిట్లో చాపలు పడ్డాయి. ఉన్నది ఉన్నట్టు ఇంటి దీపం మీద ప్రమాణం చేసి చెప్పమన్నారు.

తిరుపతయ్య దీపం మీద చెయ్యి పెట్టాడు. గడప వెనక రుక్కమ్మ నిలబడి ఉంది. చెప్పవలసింది నిజమే. నెల నుంచీ అతను గొంతు చించుకుని చెబుతున్నదీ అదే. అయినా ఒకసారి గడప వైపు చూశాడు. చూపు తిప్పుకుని అన్నాడు:

"ఆ పిల్లగాడు నాకు ఏం కాడు. కిరాయికున్న పరాయి పిల్లగాడు. గంతే."

మొట్టమొదటిసారి అందరూ అతని మాట నమ్మారు. రుక్కమ్మ అతని వైపు చూడలేదు. "నిజమే. ఏం కాడు," అని లోపలికి వెళ్లిపోయింది. తిరుపతయ్య దీపం ముందే కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. గెలిచినవాడికి ఇంత దుఃఖం ఎందుకో పెద్దలకు అర్థం కాక, చాయ తాగి వెళ్లిపోయారు.

దత్తత లేదని తేలాక చెన్నయ్యకు తమ్ముడి ఒంటరితనం మీద ఆసక్తి పోయింది. ఆ మధ్యాహ్నమే ఆటో పిలిచాడు. మల్లమ్మ ఎక్కింది. గణేష్ ఎక్కాడు. సగం ఖాళీ అయిన పల్లికాయ బస్తా కూడా ఎక్కింది. పుంజును కోయలేదు కాబట్టి అదీ ఎక్కింది. ఆటో కదలబోతుంటే, "పాణం జాగ్రత్త తమ్మీ," అన్నాడు చెన్నయ్య.

ప్రదీప్ కూడా వెళ్లిపోయాడు. తండ్రి కోపానికి కాదు. సర్వే కొల్లాపూర్ దిక్కుకు మారడంతో అక్కడి క్యాంపుకు రమ్మని కబురొచ్చింది. ఉతికి మడతపెట్టిన ధోవతి రుక్కమ్మ చేతికిచ్చాడు. "ఉంచుకో బిడ్డా," అంది ఆమె. అతను దాన్ని తండ్రి సంచిలో పెట్టి జీపెక్కాడు. రుక్కమ్మ జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత పక్కగది ఊడ్చి తలుపు దగ్గరగా వేసింది. మళ్లీ బస్తాలు వేసుకోవచ్చునని చెప్పినట్టుగా తిరుపతయ్య ముందు నుంచే నడిచిపోయింది.

మిగిలింది వెంకటన్న. ఆయన పొద్దున బస్సుకు పోవాలి. ఇంటికి వచ్చిన మనిషిని పస్తు పడుకోబెట్టలేరు కనుక రుక్కమ్మ జొన్నరొట్టెలు, వంకాయ కూర, పచ్చిపులుసు చేసింది. తన వంటగదిలో తన చేత్తో చేసి చాలా రోజులైంది. వెంకటన్న మొదటి రొట్టె తిని కూరలో కారం ఎక్కువన్నాడు. రెండోది తిని ఉప్పు తక్కువన్నాడు. మూడోది తిని ఏమీ అనలేదు. నాలుగోది తింటూ పళ్లెంలోకి చూస్తూ, "మా ఆమె గూడ రొట్టె గిట్లనే పల్సగ కొట్టేది," అన్నాడు.

పొద్దున బస్సు టైముకు తిరుపతయ్య ఆయన సంచి పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. వెంకటన్న పక్కగదిలో మంచం మీద కూర్చుని పరుపు ఒత్తి చూస్తున్నాడు.

"బస్సు పోతది అన్నా."

"పోనియ్యి. గది నాలుగు నెలలకు మాట్లాడుకున్నడు గద మావోడు? నెలే అయితుండె. మాట తప్పుడు మా ఇంటా వంటా లేదు. మిగిలిన నెలలు నేనుంట."

తిరుపతయ్య చేతిలోని సంచి దానంతటదే నేలకు జారింది.

వెంకటన్నలాంటి కిరాయిదారు పగవాడికి కూడా వద్దు. మంచం కిర్రుమంటుందన్నాడు. అద్దంలో ముఖం వంకరగా కనబడుతుందన్నాడు. కోడి కూయకముందే రేడియో పెట్టి, వార్తలు చదివేవాడితో సమానంగా తనూ వాదించేవాడు. జీవితంలో మోటారు ముట్టనివాడు దుకాణానికి వచ్చి, తీగ చుట్టే పద్ధతిలో తప్పులు పట్టి, కురుమయ్య ముందే తిరుపతయ్యను మందలించాడు. నెల నుంచి కాళ్లు కుంటుతున్న తిరుపతయ్యకు ఇప్పుడు తలనొప్పి కూడా తోడైంది.

యాదమ్మ మళ్లీ పెరుగు కోసం వచ్చింది. వాన కురిసి చలిగా ఉన్న ఆ ఉదయం, వెంకటన్న కొడుకు వదిలిపోయిన జరీ అంచు ధోవతి కట్టుకుని పీట మీద కూర్చుని, రుక్కమ్మ వేసే వేడి భక్ష్యాలు తింటున్నాడు. నుదుట బొట్టు కూడా ఉంది. యాదమ్మ కళ్లతో చూసింది. గిన్నె కిందపెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రానికల్లా ఇంట్లో ఫోను మోగింది. బల్మూర్ నుంచి చెన్నయ్య.

"ఏరా తిరుపతీ, మల్ల ఏం పని జేసినవ్‌రా? నీకంటె రెండేండ్లు పెద్దోన్ని సాదుకున్నవంట! ఆయన నీకు తలకొరివి పెడ్తడారా? నువ్వే ఆయనకు పెట్టాలె గద!"

తిరుపతయ్య నోరు తెరిచాడు. వంటింట్లో వెంకటన్న పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎంత సన్నగా తరగాలో పాఠం చెబుతున్నాడు. "నువ్వు ఊకో అన్నా, నీకేం ఎర్క!" అని రుక్కమ్మ గొంతెత్తి కసురుతోంది. కసిరి, ఆ వెంటనే పకపకా నవ్వింది.

"పలుకవేందిరా? సాదుకున్నవా, లేదా?"

తిరుపతయ్య ఈసారి కాదనలేదు.